కిల్గోర్ చమురు బావులను 1931లో సైన్యంతో మూయించడం న్యాయమేనా?

వెంకట్: తూర్పు టెక్సస్‌లోని కిల్గోర్ ఒకప్పుడు పత్తి పండించే చిన్న ఊరు. 1930 అక్టోబరులో పక్కనే రస్క్ కౌంటీలో చమురు కోసం వెతుకుతున్న డాడ్ జాయినర్ వేయించిన బావిలో చమురు పడింది. ఊరు చూస్తుండగానే వేల జనంతో నిండిపోయింది. అందరూ పోటీపడి తోడేసరికి బ్యారెల్ ధర పావు డాలరు కూడా పలకలేదు. 1931 ఆగస్టులో గవర్నర్ రాస్ స్టెర్లింగ్ సైన్యాన్ని దింపి బావులు మూయించాడు. అది తప్పనిసరి అంటాను.

గౌతమి: ఎవరికి తప్పనిసరి? స్టెర్లింగ్ హంబుల్ ఆయిల్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకడు. సైన్యాన్ని నడిపిన జనరల్ వోల్టర్స్ టెక్సస్ కంపెనీ అనే మరో పెద్ద చమురు సంస్థకు లాయరు. పెద్ద కంపెనీల జియాలజిస్టులు పెదవి విరిచిన నేల అది. అప్పులు చేసి బావులు వేసింది చిన్నవాళ్లు. తీరా చమురు పడ్డాక వాళ్ల ముందే తుపాకులు నిలబెట్టారు.

వెంకట్: స్టెర్లింగ్ నేపథ్యాన్ని నేను కాదనడం లేదండీ. కానీ భూమి లోపల ఏం జరుగుతోందో చూడండి. చమురున్న వుడ్‌బైన్ అనే ఇసుకరాయి పొర దాదాపు 45 మైళ్ల పొడవునా ఒకటే. పడమటి నుంచి నీరు నెడుతుంటే చమురు పైకొస్తుంది. అడ్డూ అదుపూ లేకుండా తోడితే ఆ ఒత్తిడి పడిపోతుంది, మిగతా చమురు రాతిలోనే చిక్కుకుపోతుంది. అక్కడి చట్టమేమో ఎవరి బావిలో పైకొస్తే వాళ్లదే అంటుంది, పక్కవాడి నేల కిందనుంచి వచ్చినా సరే. ఇక ఎవరు ఆగుతారు? కిల్గోర్ నడిబొడ్డున ఎకరం పైచిలుకు జాగాలో 24 బావులు వేశారు!

రాజు, అమలాపురం: మా కోనసీమలో పొలంలో బావి వేస్తే రైతుకు నేల తాలూకు పరిహారమే, చమురులో వాటా ఉండదు. అక్కడ ఉంటుందా?

గౌతమి: ఉంటుంది రాజు గారూ. భూమి కిందిది కూడా యజమానిదే. లీజుకిస్తే మామూలుగా ఎనిమిదో వంతు రాయల్టీ. నా బాధంతా అక్కడే. మహా మాంద్యంలో పత్తి ధర కుప్పకూలింది, రైతుకు మిగిలిన ఆధారం ఆ రాయల్టీ. బావి మూస్తే అదీ ఆగిపోయింది. 1932 డిసెంబరులో అమెరికా సుప్రీంకోర్టు కూడా గవర్నర్ చేసింది చెల్లదని తేల్చింది.

వెంకట్: బ్యారెల్‌కు పది, పదిహేను సెంట్లు వస్తే అందులో ఎనిమిదో వంతు ఎంతండీ? ధర నిలబడితేనే ఆ రైతుకూ నాలుగు డబ్బులు.

గౌతమి: ఎవరెంత తోడాలో కోటాలు వద్దని నేననలేదు. 1932 నవంబరులో చట్టసభ గిరాకీని బట్టి ఉత్పత్తికి పరిమితి పెట్టే అధికారాన్ని రైల్‌రోడ్ కమిషన్‌కు ఇచ్చింది; పేరు రైళ్లదే అయినా అక్కడ చమురును నియంత్రించే ప్రభుత్వ సంస్థ అదే. ఆ పని ముందే చేయాల్సింది. అప్పుడు రైతు తన వాటా కోసం కమిషన్ ముందు వాదించుకునేవాడు. సైనికుడితో ఏం వాదిస్తాడు?