చలిలో ఘాట్ ఎక్కుతుంటే అద్దం లోపల మసక: ఏసీయా, హీటరా, కిటికీయా?

సీతమ్మధార_కోడలు
సంక్రాంతి సెలవుల్లో పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మేఘాలు చూద్దామని విశాఖ నుంచి అద్దె కారులో అర్ధరాత్రి దాటాక బయలుదేరాం. డ్రైవర్‌తో కలిపి ఐదుగురం, నా ఒళ్ళో పాప. మాడుగుల దాటి పాడేరు ఘాట్ మొదలవగానే ముందు అద్దానికి లోపలివైపు తెల్లగా మసక పట్టింది. డ్రైవర్ ఏసీ వేశాడు. మా మామగారు "ఈ చలిలో ఏసీ ఏంటయ్యా, పాపకి జలుబు చేస్తుంది, ఆపు" అన్నారు. ఆపాడు. ఆపిన కాసేపటికే అద్దం మొత్తం గుప్పున మూసుకుపోయింది, అదీ సరిగ్గా మలుపులో, ఎదురుగా బస్సు లైట్లు. ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని ఇంకో చేత్తో గుడ్డతో తుడుస్తూ బండి తిప్పాడు.

మా ఆయన హీటర్ వేయాల్సిందంటారు. మామగారు కిటికీ దించితే చాలంటారు. ఇంట్లో ఇంకా తేలలేదు. అద్దం కనబడాలి, పాపకి చలి వేయకూడదు, నాకు కావాల్సింది ఇంతే. బండ్ల సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి.

మైలేజీ_ముఖ్యం
మీ మామగారు చెప్పిందే కరెక్ట్ అమ్మా. అటూ ఇటూ కిటికీలు రెండు వేళ్ళ మందం దించండి, మసక పోతుంది. ఏసీ లేని అంబాసిడర్లలో మనవాళ్ళు అరకు వెళ్ళలేదా? ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ మీద అసలే లోడు, దానికి తోడు ఏసీ కంప్రెసర్ ఎందుకు? డీజిల్ దండగ.

ఘాట్_డ్రైవర్
నేను పాడేరు, అరకు, లంబసింగి తిప్పే టూరిస్టు బండి డ్రైవర్‌ని. మేడమ్, మీ డ్రైవర్ మొదట చేసిందే రైటు. ఏసీ ఆపించడం వల్లే ప్రమాదం వచ్చింది. కిటికీ సంగతి చెప్పేవాళ్ళు జనవరిలో తెల్లారుజామున నాలుగింటికి ఆ ఘాట్‌లో కిటికీ దించి చూడాలి. బయట మంచు చెయ్యి చాపితే అందేట్టు ఉంటుంది. ఆ తడి గాలి లోపలికొస్తే అద్దం ఇంకా పాడవుతుంది గానీ బాగుపడదు.

కూకట్‌పల్లి_స్విఫ్ట్
ఏసీ వేస్తే మసక పోతుందా? నాకు పూర్తి రివర్స్. వానల్లో ఏసీ వేస్తేనే అద్దం మూసుకుపోతుంది, ఆపితే పోతుంది. కాబట్టి ఏసీ వద్దు.

గాజువాక_గ్యారేజి
కూకట్‌పల్లి తమ్ముడూ, నీది వేరే కేసు. హైదరాబాద్ వానాకాలంలో బయట గాలి వెచ్చగా, తడిగా ఉంటుంది. నువ్వు ఏసీ బాగా పెంచి గాలిని అద్దం మీదికి కొట్టిస్తే అద్దం చల్లబడుతుంది, చల్ల మజ్జిగ చెంబుకి చెమట పట్టినట్టు బయటివైపు నీళ్ళు పడతాయి. వైపర్ ఒకసారి తిప్పు. మసక పోతే అది బయటిది, చలవ తగ్గించి గాలిని ముఖం వైపు తిప్పుకో. వైపర్‌కి పోకపోతే లోపలిది. మేడమ్‌గారిది లోపలిది. రెండింటికీ మందు ఒకటి కాదు.

మేడమ్, మీ ఇంట్లో ఏసీనా హీటరా అని తగవు పడక్కర్లేదు. రెండూ కలిపి వేయాలి. ఏసీ బటన్ వేరు, నీలం–ఎరుపు నాబ్ వేరు. నాబ్‌ని ఎరుపు వైపు తిప్పి ఏసీ బటన్ నొక్కితే గాలి ముందు ఏసీ కాయిల్ మీదుగా పోయి తడి వదిలేస్తుంది, తర్వాత హీటర్ కాయిల్ మీద వేడెక్కి బయటికొస్తుంది. అద్దానికి తగిలేది వెచ్చటి పొడి గాలి. పాపకి చలి వేయదు. ఏసీ అంటే చల్లగాలే అనుకుంటారు, అక్కడే వస్తుంది చిక్కంతా. ఇంకోటి, కారు బొమ్మలో గుండ్రటి బాణం ఉన్న బటన్ ఆఫ్‌లో ఉండాలి. అది ఆన్‌లో ఉంటే లోపలి గాలే లోపల తిరుగుతుంది.

ఆపగానే గుప్పున ఎందుకు పట్టిందంటే, ఏసీ నడిచినంతసేపూ కాయిల్ నిండా నీళ్ళు పట్టి ఉంటాయి. కంప్రెసర్ ఆగి బ్లోయర్ తిరుగుతుంటే ఆ నీళ్ళన్నీ ఆవిరై నేరుగా అద్దం మీదికి వస్తాయి. అందుకే ఘాట్‌లో ఒకసారి వేశాక కిందికి దిగేదాకా ఆపకూడదు.

నర్సీపట్నం_01
నాకూ ఇదే డౌటు ఉండేది. థాంక్స్ అన్నా.

మైలేజీ_ముఖ్యం
గ్యారేజి గారూ, ఇదంతా బాగానే ఉంది. డీజిల్ ఎవరు పోస్తారు? నేను మార్కెటింగ్ పనికి సొంత బండి తిప్పుకుంటాను. అద్దం మీదికి గాలి వచ్చే బటన్ నొక్కితే చాలు, ఏసీ అక్కర్లేదు. నా బండిలో అలాగే పోతుంది.

ఘాట్_డ్రైవర్
ఆ బటన్ నొక్కితే చాలా బండ్లలో ఏసీ దానంతటదే ఆన్ అవుతుంది సార్. మీరు ఏసీ వేస్తున్నారు, మీకు తెలియదంతే.

మైలేజీ_ముఖ్యం
నా బండిలో ఏసీ లైటు వెలగదు. కళ్ళతో చూసి చెబుతున్నాను.

ఘాట్_డ్రైవర్
లైటు వెలగకపోయినా కంప్రెసర్ తిరిగే బండ్లున్నాయి.

మైలేజీ_ముఖ్యం
నా బండి గురించి నాకు చెప్పకండి.

గాజువాక_గ్యారేజి
ఇద్దరూ ఆగండి. ఆటోమేటిక్ ఏసీ ఉన్న బండ్లలో చాలావాటికి ఆ బటన్‌తో కంప్రెసర్ కూడా కలుస్తుంది. నాబ్ తిప్పే మామూలు బండ్లలో కొన్నింటికి కలవదు. బండితో ఇచ్చిన పుస్తకం తీసి చూసుకోండి. ఇక్కడ ఎంత కొట్టుకున్నా తేలేది కాదు.

లెక్కల_మాస్టారు
కిటికీ మాట మీద ఎవరూ లెక్క వేయలేదు, నేను వేస్తాను. 10 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 9.4 గ్రాముల ఆవిరినే పట్టుకోగలదు. కారు లోపలి జాగా ఓ మూడు ఘనపు మీటర్లు అనుకోండి. అంటే అద్దం 10 డిగ్రీలకు చల్లబడితే లోపలి గాలిలో దాదాపు 28 గ్రాములకి మించిన ఆవిరి ఉన్నప్పుడు అద్దం మీద నీళ్ళు పట్టక తప్పదు. ఊరికే కూర్చున్న మనిషి ఊపిరి, చర్మం ద్వారా గంటకి 40–50 గ్రాములు వదులుతాడు. ఐదుగురంటే 200 గ్రాములు పైనే. కిటికీలన్నీ బిగించి, గుండ్రటి బాణం బటన్ నొక్కి కూర్చుంటే మసక పట్టడానికి పది నిమిషాలు కూడా అక్కర్లేదు.

ఘాట్_డ్రైవర్ గారు మంచు గాలి వస్తే ఇంకా పాడవుతుందన్నారు. అది సరికాదు. బయట గాలి తేమ నూటికి నూరు శాతం ఉన్నా, చల్లగా ఉంది కాబట్టి అందులో ఉన్న నీరు ఆ 9.4 గ్రాములే. లోపలికొచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే తేమ 54 శాతానికి పడిపోతుంది. కాబట్టి మైలేజీ గారి కిటికీ పని చేస్తుంది. కాకపోతే ఐదుగురికి రెండు వేళ్ళ సందు చాలదు, నిండా దించితే పాప వణికిపోతుంది, ఎవరో ఒకరు వెంటనే ఎక్కించేస్తారు. అదే గాలిని బ్లోయర్ ద్వారా వేడి చేసి తెచ్చుకోవడం మేలు.

మైలేజీ_ముఖ్యం
మాస్టారూ, థాంక్సండి. కిటికీ పని చేస్తుందని లెక్క ప్రకారమే తేలింది. అందరూ గమనించండి.

ఘాట్_డ్రైవర్
తేలింది అది కాదు సార్. మిగతా నాలుగు ముక్కలు కూడా చదవండి.

బర్మింగ్‌హామ్_తెలుగు
ఇక్కడ మాకు అక్టోబర్ నుంచి మార్చి దాకా రోజూ ఇదే గొడవ. బ్రిటన్ హైవే కోడ్ 229వ రూలులో బయలుదేరే ముందే అద్దాల మసక పూర్తిగా పోగొట్టుకోవాలని ఉంది. ఒకటే జాగ్రత్త చెబుతాను. బయట సున్నా దగ్గరకో, కిందికో పోతే చాలా బండ్లలో ఏసీ కంప్రెసర్ నడవదు, కాయిల్ మీద నీళ్ళు గడ్డకట్టకుండా ఆపేస్తుంది. అప్పుడు దిక్కు హీటర్, బయటి గాలి. లంబసింగిలో మరీ చలిగా ఉన్న పొద్దున ఏసీ పని చేయట్లేదని కంగారు పడకండి. తడి గొడుగులు, తడి చెప్పులు, తడి టవళ్ళు లోపల పడేయకండి. కాళ్ళ కింద కార్పెట్ ఎప్పుడూ తడిగా ఉంటే నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో చూపించుకోండి.

అనకాపల్లి_బెల్లం
మా నాన్న లారీ నడిపేవారు. బంగాళదుంప కోసి అద్దానికి రుద్దేవారు, పొగాకు కూడా. పని చేసేది.

గాజువాక_గ్యారేజి
రుద్దినవాటిలో కొన్ని కాసేపు పని చేస్తాయి, బొట్లు పట్టకుండా నీళ్ళు పల్చటి పొరగా పరుచుకుంటాయి. కానీ తర్వాత జిడ్డు మిగులుతుంది, ఎదుటి లైటు పడితే అద్దం మొత్తం చారలు చారలుగా మెరుస్తుంది. అంతకంటే అద్దం లోపలివైపు శుభ్రంగా ఉంచడం ముఖ్యం. ఎండలో డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిరి అద్దానికి పొరలా పడుతుంది. వేలితో గీస్తే గీత పడుతుందంటే పొర ఉన్నట్టే, మసక దాని మీద తొందరగా పట్టుకుంటుంది. చేత్తో తుడిస్తే చేతి జిడ్డు కూడా కలుస్తుంది. బయలుదేరే ముందు రోజు సబ్బు నీళ్ళతో కడిగి పొడి మైక్రోఫైబర్ గుడ్డతో ఆరేదాకా తుడవండి. మసకతో పాటు తియ్యటి వాసన, జిడ్డు జిడ్డుగా ఉంటే అది ఊపిరి తేమ కాదు, హీటర్ కాయిల్ నుంచి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కారుతోంది. గ్యారేజికి తీసుకెళ్ళండి.

మైలేజీ_ముఖ్యం
సరే, ఒకటి మాత్రం సూటిగా చెబుతాను. అద్దె డ్రైవర్లు మసక వంక పెట్టి ఏసీ వేస్తారు, తమ సుఖం కోసం. డీజిల్ వాళ్ళది కాదు కదా.

ఘాట్_డ్రైవర్
సార్, ఆ మాట వెనక్కి తీసుకోండి. సుఖం కోసమా? ఐదు ప్రాణాలు వెనక కూర్చోబెట్టుకుని, అద్దం కనబడకుండా, పక్కన లోయ పెట్టుకుని మలుపు తిప్పే సుఖం మీకు తెలుసా? నేను మొదట పనిచేసిన బండి ఓనరు ప్రతి ట్రిప్పుకీ మైలేజీ లెక్క కట్టేవాడు. తగ్గితే నా బేటాలోంచి, అంటే డ్రైవర్‌కిచ్చే రోజు ఖర్చు డబ్బుల్లోంచి, కోత. "చలికాలంలో ఏసీ ఎందుకు పడింది" అని అడిగేవాడు. అద్దం సంగతి చెబితే "గుడ్డ ఇచ్చాను కదా" అన్నాడు. ఆ గుడ్డతోనే చాలా రాత్రులు ఘాట్ దిగాను. ఒకసారి గుడ్డ అద్దం మీద ఉండగా పాడేరు ఘాట్‌లో అమ్మవారి పాదాల దగ్గర రోడ్డు మీద ఆవు పడుకుని ఉంది. బ్రేకు కొట్టాక బంపర్‌కీ దానికీ మధ్య జానెడు కూడా లేదు. మర్నాడే ఆ బండి మానేశాను. మీరు మాట్లాడే మాటలు అచ్చం ఆయన మాటల్లాగే ఉన్నాయి.

మైలేజీ_ముఖ్యం
నా బాధ కూడా వినండి. బొర్రా గుహలకి మా అమ్మానాన్నలని అద్దె బండిలో పంపాను. డీజిల్ నాది, డ్రైవర్ బేటా నాది. వాళ్ళు గుహల్లో తిరిగినంతసేపూ డ్రైవర్ ఇంజిన్ ఆన్‌లో పెట్టి, ఏసీ వేసుకుని సీటు వెనక్కి వాల్చి పడుకున్నాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి డీజిల్ లైటు వెలిగింది. తిరుగు దారిలో బంకు దొరికేదాకా మా నాన్నకి టెన్షన్. అడిగితే "అద్దానికి మసక పట్టింది సార్, అందుకే వేశాను" అన్నాడు. ఎండ కాస్తున్న మధ్యాహ్నం, ఆగి ఉన్న బండి, మసకేంటి? అప్పటి నుంచి ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఘాట్_డ్రైవర్
అది తప్పే. ఇంజిన్ ఆన్‌లో ఉంచి బిగించిన బండిలో నిద్రపోవడం ప్రాణానికే ముప్పు, డీజిల్ సంగతి తర్వాత. కానీ ఆయన చేసిన దానికి ఘాట్‌లో నేను అద్దం కనబడకుండా నడపాలా?

సీతమ్మధార_కోడలు
ఇద్దరూ వేరే వేరే తగవులు పడుతున్నారనిపిస్తోంది. మా కారులో కూడా నిజంగా జరిగింది ఇదే అండి. ఏసీ, హీటర్ కాదు సమస్య. డ్రైవర్‌కి తెలుసు ఆపకూడదని. మామగారు డబ్బులిచ్చే మనిషి, పెద్దాయన. "ఆపు" అనగానే ఆపాడు, ఎదురు చెప్పలేకపోయాడు. నేనూ నోరు తెరవలేదు. స్టీరింగ్ పట్టుకున్న మనిషి మాట చెల్లాలా, డబ్బులిచ్చిన మనిషి మాట చెల్లాలా? చెప్పండి.

లెక్కల_మాస్టారు
నడుస్తున్న బండిలో స్టీరింగ్ పట్టుకున్నవాడిదే అమ్మా. ఇందులో రెండో మాట లేదు.

మైలేజీ_ముఖ్యం
నడుస్తున్నప్పుడు అనండి, ఒప్పుకుంటాను. బండి ఆగాక ఓనర్ మాటే. ఇంజిన్ ఆఫ్, తాళాలు చేతిలో. ఎక్కే ముందు కిలోమీటర్ల రీడింగు, డీజిల్ ముల్లు ఇద్దరూ కలిసి ఫోటో తీసుకోవాలి. ఘాట్‌కి ఏసీ పడిందంటే ఆ డీజిల్ నాది, బేటాలో కోయను. ఇంతకంటే తగ్గను. కిటికీ పని చేస్తుందన్న మాట మీద మాత్రం ఉన్నాను.

ఘాట్_డ్రైవర్
ఫోటోకి నాకేం అభ్యంతరం లేదు, బేటా కోయనని మీరు రాసినందుకు నాకూ సరే. నేనిప్పుడు గిరాకీని ఎక్కించుకునేటప్పుడే చెప్పేస్తున్నాను. ఘాట్ మొదలయ్యే ముందు బండి ఆపి, ఏసీ ఆన్, నాబ్ ఎరుపు, గాలి అద్దం మీదికి, బయటి గాలి. కిందికి దిగేదాకా ఆ బటన్ల మీద చెయ్యి నాదే. ఇష్టం లేదంటే తెల్లారేదాకా పాడేరు కిందే టీ తాగుతూ ఆగుదాం, మేఘాలు కొంచెం ఆలస్యంగా చూద్దాం.

చోడవరం_ఆల్టో
ఆలస్యంగా వచ్చాను. నాది పాత బండి, ఏసీ లేదు, హీటర్ కూడా లేదు, బ్లోయర్ మాత్రం ఉంది. ఈ ఆదివారం నలుగురం లంబసింగి వెళ్తున్నాం. నేనేం చేయాలి?

గాజువాక_గ్యారేజి
శనివారం అద్దం లోపలివైపు సబ్బు నీళ్ళతో కడుగు. బ్లోయర్ బయటి గాలికి పెట్టి ఫుల్‌గా అద్దం మీదికి వదులు. నీ పక్క కిటికీ, దానికి ఎదురు మూల వెనక కిటికీ నాలుగు వేళ్ళు దించు, గాలి అడ్డంగా పారుతుంది. అందరికీ స్వెట్టర్లు, మంకీ క్యాపులు. డౌనూరు దాటి ఎక్కేటప్పుడు హై బీమ్ వేయకు, మంచులో లైటు తిరిగి నీ కళ్ళలోకే కొడుతుంది. అద్దం మూసుకుపోతే నడుస్తూ తుడవకు, రోడ్డు దిగి ఆపి తుడుచుకో. ముగ్గురితో వెళ్తే ఇంకా మంచిది.

చోడవరం_ఆల్టో
ముగ్గురమే వెళ్తాం అన్నా. నాలుగోవాడు బైక్ మీద వస్తానన్నాడు.

గాజువాక_గ్యారేజి
ఆ మంచులో బైకా? వద్దు. వాణ్ణి కారులోనే కూర్చోబెట్టి, కిటికీ ఆరు వేళ్ళు దించండి.