అలసందలు మెత్తబడే లోపే అన్నం ముద్దవుతోంది

ప్రశ్న (అనంతపురం): పని ముగించుకొని రాత్రి ఏడింటికి ఇల్లు చేరే మా ఇద్దరికీ అలసందలూ బియ్యమూ కలిపి ఒకే కుక్కరులో వండుకోవడం ఎంతో వీలుగా ఉంటుంది. అయితే పొద్దున నానబెట్టిన గింజలు కూడా ఆరు విజిల్స్ వచ్చాక పలుకుగానే మిగులుతున్నాయి, అన్నం మాత్రం ముద్దవుతోంది. చింతపండు పులుసు మొదటే పోస్తాను. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పండి.

జవాబు (కడప): లోపం పులుసుదేనండి. పులుపు తగిలిన గింజ తొందరగా మెత్తబడదు కాబట్టి, వేళ్ల మధ్య నొక్కితే చిదిగేంతగా అలసందలను ముందు విడిగా ఉడికించి, ఆ తరువాతే బియ్యమూ పులుసూ చేర్చండి. ఎర్రగడ్డలు, తెల్లగడ్డ, ఎండుమిరపకాయలతో తిరగవాత చివర్లో పెడితే వాసన నిలుస్తుంది. పక్కన ఊరుబిండి అనే రోటి పచ్చడి ఉంటే మరో కూర అక్కరలేదు.

జవాబు (కర్నూలు): పై మాట నిజమే, కానీ నీళ్లను కూడా గమనించండి. గిన్నెల అడుగున తెల్లటి పొర కట్టే బోరు నీళ్లలోని కాల్షియం గింజను గట్టిగానే ఉంచుతుంది. తాగే నీళ్లలో, లీటరుకు ఒక చెంచా ఉప్పు వేసి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండండి. ఏడాది దాటిన పాత గింజలైతే ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. సోనా మసూరి బియ్యాన్ని ఉడికిన గింజలతో కలిపాక రెండు విజిల్స్ చాలు.

ప్రశ్న అడిగినవారు: మాది బోరు నీళ్లేనండి. నిన్న తాగే నీళ్లు వాడి, పులుసు చివర పోశాను. గింజ వెన్నలా ఉడికింది, అన్నం పొడిగా వచ్చింది. ఇద్దరికీ కృతజ్ఞతలు.