ట్రస్టు సొమ్ముతో న్యాయవాదిని పెట్టుకోవడం సబబేనా?

సీతమ్మధార ట్రస్టీ:
సభ్యులకు నమస్కారం. మా పెదనాన్నగారు సీతమ్మధారలోని ఇంటిని రిజిస్టరు దస్తావేజు ద్వారా ప్రైవేటు ట్రస్టు కింద పెట్టి, "అద్దె మొత్తమును మనుమరాలి చదువుకును, వైద్యమునకును మాత్రమే వినియోగించవలెను" అని రాయించి, మా మేనత్తగారినీ నన్నూ ట్రస్టీలుగా నియమించారు. పాప ఇంకా మైనరు. ఇల్లు పాతబడటంతో ఒక బిల్డరు డెవలప్‌మెంటుకు అడుగుతున్నారు. దస్తావేజులో అమ్మకం ఊసే లేదు. కుటుంబమంతా ఒప్పుకున్నాక వకీలు ఎందుకని అత్తయ్యగారు అంటున్నారు. మీ అభిప్రాయం తెలుపగలరు.

ఎంవీపీ కాలనీ సభ్యుడు:
అత్తయ్యగారి మాట సమంజసమే. వచ్చే కొద్దిపాటి అద్దె ఫీజులకే పోతే పాపకు మిగిలేదేమిటి? లెక్కలు ఆడిటరు చూస్తారు, ఒప్పందం దస్తావేజు లేఖరి రాస్తారు.

ద్వారకానగర్ సభ్యురాలు:
లెక్కల వరకు మీతో ఏకీభవిస్తాను. అద్దె రసీదులూ మరమ్మతుల బిల్లులూ ఒక పుస్తకంలో తేదీల వారీగా రాసుకోవడానికి న్యాయవాది అక్కర్లేదు. ఇంటి సంగతి అలా కాదు, దాన్ని బిల్డరుకు అప్పగించడమంటే దస్తావేజులో రాసినదాన్ని మార్చడమే. 1882 నాటి ట్రస్టుల చట్టం 11వ సెక్షను ప్రకారం, దస్తావేజులోని ఆదేశాలను మార్చాలంటే లబ్ధిదారులందరి సమ్మతి కావాలి. లబ్ధిదారు మైనరైతే ఆ సమ్మతి ఇవ్వగలిగినది ప్రిన్సిపల్ సివిల్ కోర్టు, అంటే మనకు జిల్లా కోర్టు. కుటుంబ పెద్దలు ఎందరు సంతకాలు చేసినా ఆ లోటు తీరదు. కోర్టు సమ్మతి కోరే పిటిషను దస్తావేజు లేఖరి పని కాదు.

ఇక ఫీజు మాట. ట్రస్టు నిర్వహణకు సక్రమంగా పెట్టిన ఖర్చును ట్రస్టు ఆస్తి నుంచి రాబట్టుకునే హక్కు 32వ సెక్షను ట్రస్టీకి ఇస్తోంది. ట్రస్టీల మధ్య సొంత తగాదాకు పెట్టిన ఫీజును మాత్రం పాప సొమ్ములోంచి తీయడం అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం. పైగా మీ న్యాయవాది మీ తరఫువారే గానీ పాప తరఫువారు కారు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను కింద పిల్లలకూ స్త్రీలకూ ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది కనుక, పాప పక్షాన జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వేరుగా దరఖాస్తు చేయించండి.

ఎంవీపీ కాలనీ సభ్యుడు:
మైనరు సమ్మతి విషయం ఒప్పుకుంటాను. కానీ కోర్టు తేల్చేదాకా బిల్డరు ఆగుతారా?

ద్వారకానగర్ సభ్యురాలు:
ఆగకపోతే వెళ్లనివ్వండి, తొందర ఆయనది, పాపది కాదు. ఈలోగా అడ్వాన్సు ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు. న్యాయవాదిని కలిసేటప్పుడు ట్రస్టీలిద్దరూ వెళ్లి, ఫీజు ఎంతో, ఏ పనికో కాగితం మీద రాయించుకోండి.