'వేన్' అంటే ఏంటక్కా? బర్న్స్ కవిత గురించి సాయం కావాలి

కొత్తగా వచ్చిన విద్యార్థిని, గ్లాస్గో:

అందరికీ నమస్కారం. మాది కరీంనగర్ దగ్గర ఒక పల్లె. సెప్టెంబరులో ఇక్కడ ఎం.ఏ. ఇంగ్లిష్ లిటరేచర్‌లో చేరాను. వచ్చే వారం సెమినార్‌లో పాతకాలపు స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ కవిత ఒకటి తీసుకుని పది నిమిషాలు మాట్లాడాలి. పెళ్లి కాకుండా పుట్టిన తన కూతురికి స్వాగతం చెబుతూ ఆయన రాసిన 'ఎ పొయెట్స్ వెల్కమ్ టు హిజ్ లవ్ బిగాటెన్ డాటర్' నాకు వచ్చింది. సగం మాటలు నా డిక్షనరీలో లేవు. కొన్నిచోట్ల కవిత పేరులోనే 'బాస్టర్ట్ వేన్' అని ఉంది. ఆ మొదటి మాట మన దగ్గర పచ్చి తిట్టు, క్లాసులో పైకి ఎలా చదవను? మామూలు ఇంగ్లిష్‌లోకి మార్చిన పాఠం ఒకటి దొరికింది. అది చూసి మాట్లాడితే సరిపోతుందా? ఇంకోటి, చదువుతుంటే కర్ణుడు గుర్తొచ్చాడు. ఆ పోలిక తేవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

పన్నెండేళ్లుగా గ్లాస్గోలో ఉంటున్న సభ్యురాలు:

చెల్లీ, ముందు ఆ ఇంగ్లిష్ పాఠం పక్కన పెట్టెయ్. నేను చదువుకునే రోజుల్లో అదే పొరపాటు చేశాను. అర్థమంతా చక్కగా రాసుకెళ్లాను. పైకి చదవమంటే ప్రాస ఎక్కడా కుదరలేదు, మార్కులూ పోయాయి.

ఎందుకు కుదరలేదో మొదటి చరణంలోనే కనిపిస్తుంది. అందులో పాదాల చివర వచ్చే మాటలు వరసగా ఇవి: ఫా మీ, మామీ, ఆ మీ, లేడీ, కా మీ, డాడీ. ఇంగ్లిష్‌లో 'ఫాల్', 'కాల్' అనేవి స్కాట్స్‌లో, అంటే బర్న్స్ రాసిన ఇక్కడి భాషలో, 'ఫా', 'కా' అవుతాయి. 'ల్' పోయింది కాబట్టే అవి 'మామీ'తో కలిశాయి. నువ్వు 'ఫాల్ మీ' అని చదివావంటే చరణం అక్కడే కూలిపోతుంది. మన చెవి ప్రాసను పాదంలో రెండో అక్షరం దగ్గర వెతుక్కుంటుంది, ఇక్కడేమో చివర వినాలి. ఆరు పాదాల్లో ఒకటి, రెండు, మూడు, అయిదు పొడవు, ఒకే ప్రాస. నాలుగు, ఆరు పొట్టివి, వాటి ప్రాస వేరు. దీన్ని స్టాండర్డ్ హ్యాబీ అంటారు. ఆటవెలది చదివేటప్పుడు 'విశ్వదాభిరామ' కోసం చెవి ఎలా కాచుకుని ఉంటుందో, ఇందులో ఆ చివరి పొట్టి పాదం కోసం అలా కాచుకుంటుంది. మొదటి చరణంలో అక్కడికొచ్చి ఆగే మాట 'డాడీ'. నన్ను 'టైటా' అనో 'డాడీ' అనో నువ్వు పిలిస్తే నేను సిగ్గుపడితే ఒట్టు అంటున్నాడు. 'మిషాంటర్ ఫా మీ' అంటే నాకు కీడు జరగనీ అని. మన ఒట్టు లాంటిదే. 'టైటా' అంటే మాటలు అప్పుడప్పుడే వస్తున్న పిల్ల నాన్నని పిలిచే పిలుపు.

'వేన్' అంటే బిడ్డ. 'వీ', 'ఏన్' అనే రెండు మాటలు కలిసిపోయి అలా అయింది, చిన్నది అని అర్థం. మా అబ్బాయి పుట్టినప్పుడు వార్డులో నర్సు వాణ్ని నా చేతికిస్తూ 'బానీ వీ వేన్' అంది, ముద్దులొలికే చిన్ని బిడ్డ అని. అప్పటిదాకా ఆ మాట నాకు పుస్తకంలో మాటే. ఇక్కడ బస్సులో, స్కూలు గేటు దగ్గర రోజూ వినిపిస్తుంది, చెవి పెట్టి చూడు. మీ యాసను టీవీ తెలుగు పక్కన పెట్టి తప్పు భాష అన్నవాళ్లు నీకు తెలిసే ఉంటారు. స్కాట్స్‌నూ చాలాకాలం చెడిపోయిన ఇంగ్లిష్ అనే చూశారు, బడిలో పిల్లల్ని దిద్దారు. ఆ బాధ తెలిసినదానివి కాబట్టి నువ్వు ఈ కవితను బాగా చదవగలవు. నిజంగానే అంటున్నాను.

ఇక ఆ తిట్టు మాట. మింగేయకుండా ఉన్నది ఉన్నట్టు చదువు. ఊరు ఆ పిల్లను ఏమంటుందో అది తండ్రి నోటితోనే ముందుగా అనేసి, వెంటనే 'స్వీట్ వీ లేడీ' అంటున్నాడు. ఊళ్లో తన పేరు నోళ్లలో నానుతోందనీ అతనికి తెలుసు. దాన్ని 'కింట్రా క్లాటర్' అన్నాడు, ఊరి వాగుడు అని.

నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు వేరే ఉంది. నువ్వు ఈ లోకంలోకి 'అస్క్లెంట్'గా వచ్చావు అంటాడు. అస్క్లెంట్ అంటే ఏటవాలుగా, పక్కదారిన. ఆ తర్వాత, నా ఆఖరి 'ప్లాక్'లో కూడా నీకు వాటా ఉంటుంది, అదీ పెద్ద సగం, అంటాడు. ప్లాక్ పాతకాలపు స్కాట్లండ్ నాణెం. ఇంగ్లిష్ పెన్నీలో మూడో వంతు. మనం ఆఖరి దమ్మిడీ అంటాం చూడు, అలాంటిది. వాటా అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగు. అప్పటి స్కాట్లండ్ చట్టంలో ఇలాంటి పిల్లకు తండ్రి ఆస్తిలో వారసత్వపు హక్కు లేదు. అక్రమ సంతానం అనే హోదానే అక్కడ చట్టం 2006లో రద్దు చేసింది. కాబట్టి ఆ దమ్మిడీ మాట చట్టం ఇవ్వనిదాన్ని నోటిమాటతో ఇవ్వడం. పెళ్లి మంచం మీద పుట్టిన ఏ పిల్లకూ తీసిపోకుండా నీకు బట్టలు, చదువు ఇస్తానని కూడా అంటాడు.

కర్ణుడి పోలిక తే, కానీ సగం దూరమే వెళ్లు. అక్కడ తల్లి బిడ్డను ఏటిలో వదిలి నోరు మూసుకుంది. ఇక్కడ తండ్రి నలుగురిలో నా బిడ్డ అంటున్నాడు. లోకానికి భయపడిన మనిషి, భయపడనన్న మనిషి, ఆ తేడా చూపించు.

ఎయిర్ (Ayr) ఊళ్లో ఉంటున్న సభ్యుడు:

అమ్మా, పైన మేడమ్ గారు చెప్పింది బాగుంది. నేను కొంచెం చరిత్ర చెబుతాను. ఆ పిల్ల పేరు ఎలిజబెత్, బెస్ అనేవారు. 1785 మే 22న పుట్టింది. తల్లి ఎలిజబెత్ పేటన్, లాక్లీ పొలంలో బర్న్స్ వాళ్లింట్లో పనిచేసిన అమ్మాయి. అప్పటికి బర్న్స్‌కు 26 ఏళ్లు. ఆ రోజుల్లో కిర్క్ సెషన్ అని చర్చి పెద్దల పంచాయితీ ఉండేది. ఇలాంటి విషయం బయటపడితే పిలిపించి విచారించేవారు. సభ ముందు మందలింపు వినాలి, జరిమానా కట్టాలి. తప్పు చేసినవాళ్లను కూర్చోబెట్టే ముక్కాలిపీటను 'కట్టీ స్టూల్' అనేవారు. కిర్క్ సెషన్ల పాత మినిట్స్ పుస్తకాలు చాలావరకు 'స్కాట్లండ్స్ పీపుల్' వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఒక్క పేజీ చూసినా కవితలో ఆ మొండి ధైర్యం దేని మీదో తెలుస్తుంది.

1786లో కిల్మార్నాక్‌లో అచ్చయిన ఆయన మొదటి పుస్తకంలో ఈ కవిత లేదు. ఆయన పోయాకే, 1799లో అచ్చయింది. మాటలకు 'డిక్షనరీస్ ఆఫ్ ద స్కాట్స్ లాంగ్వేజ్' ఆన్‌లైన్‌లో ఉచితం. గ్లాస్గోలోనే మిచెల్ లైబ్రరీలో బర్న్స్ మీద పెద్ద సేకరణ ఉంది. వీలైతే శనివారం రండి. గ్లాస్గో సెంట్రల్ నుంచి ఎయిర్‌కు రైలు దాదాపు గంట, అక్కడి నుంచి బస్సులో ఆలొవే. ఆయన పుట్టిన గడ్డి కప్పు ఇల్లు, మ్యూజియం రెండూ అక్కడే.

కొత్తగా వచ్చిన విద్యార్థిని:

అక్కా, సార్, చాలా థాంక్స్. రాత్రి గదిలో పైకి చదివాను. పక్క గది స్కాటిష్ అమ్మాయి తలుపు కొట్టి 'అస్క్లెంట్' ఎలా పలకాలో చెప్పి వెళ్లింది. ఒక్క సందేహం. ఇంత మాటిచ్చినవాడు నిలబెట్టుకున్నాడా?

పన్నెండేళ్లుగా గ్లాస్గోలో ఉంటున్న సభ్యురాలు:

కొంత నిలబెట్టుకున్నాడు. బెస్‌ను మాస్‌గీల్ పొలంలో బర్న్స్ తల్లి పెంచింది. 1786 జులైలో జమైకా వెళ్లిపోదామనుకున్నప్పుడు తన ఆస్తిని, కవితల మీద వచ్చే రాబడిని ఆ పిల్ల పెంపకం కోసం తమ్ముడు గిల్బర్ట్ పేర రాసిచ్చాడు. కానీ అదే సమయంలో జీన్ ఆర్మర్ అనే ఇంకో అమ్మాయి అతని వల్ల గర్భవతి, ఆమె తండ్రి డబ్బు కోసం వెంటపడుతున్నాడు. ఆ పత్రం వల్ల ఆస్తి వాళ్ల చేతికీ చిక్కలేదు. వెళ్దామనుకున్న ఉద్యోగం బానిసలు పనిచేసే తోటలో. ఇవి కూడా చెప్పాలి, దాచకు. ఇంకో సంగతి. తల్లిదండ్రులు తర్వాతైనా పెళ్లి చేసుకుంటే స్కాట్స్ చట్టం ఆ బిడ్డను సక్రమ సంతానంగానే చూసేది. పేటన్‌ను అతను పెళ్లి చేసుకోలేదు.

పేటన్ వైపు నుంచి ఈ కవితలో ఒక్క మాట కూడా లేదు చెల్లీ. నీ పది నిమిషాల్లో రెండు నిమిషాలు ఆమెకు ఉంచు.