గుహల్లో డైవింగ్ నేర్పేవారికి పాత పద్ధతి మేలా, నేటి ప్రమాణాలు మేలా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
బారువ దగ్గర మునిగి ఉన్న పాత ఓడను చూడాలని డైవింగ్ నేర్చుకునే కుర్రాళ్లు మన వైపు కనిపిస్తున్నారు. సముద్రంలో నేర్పే ఇన్‌స్ట్రక్టరు వాళ్లను ఓడ గదుల్లోకో, రేపు ఏ నీటి గుహలోకో తీసుకెళ్లవచ్చా అన్నది ప్రశ్న. కూడదనే నా వాదన. తలపైన కప్పు ఉన్నచోట ఆపద వస్తే నేరుగా పైకి తేలే దారి ఉండదు. ఫ్లోరిడా గుహల్లో చనిపోయినవారిలో సముద్ర డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఉన్నారని అక్కడి గుహల ముఖద్వారాల వద్ద నీటి అడుగున పెట్టిన బోర్డులే చెబుతాయి. అమెరికాలో 1968లో ఎన్‌ఏసీడీ (జాతీయ గుహ డైవింగ్ సంఘం), 1973లో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ గుహాన్వేషణ సంఘం) గుహ డైవింగ్ విభాగం ఏర్పడ్డాక గుహకు వేరే శిక్షణ, వేరే ఇన్‌స్ట్రక్టరు అన్న పద్ధతి స్థిరపడింది. 1979లో అమెరికా గుహ డైవరు షెక్ ఎక్స్‌లీ ప్రమాదాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, బయటిదాకా తెగని తాడు, వెళ్లడానికి మూడో వంతు గాలి, లోతుకు హద్దు అన్న సూత్రాలను ముందుకు తెచ్చారు. శిక్షణ, లైట్లు ఆ తర్వాత చేరాయి. ప్రాణాలు పోయాక పుట్టిన ప్రమాణాలివి; వీటిని కొందరు కాగితాల తంతు అనడం నాకు నచ్చదు.

గంటస్తంభం (విజయనగరం):
నాగావళి గారూ, సూత్రాలతో నాకు పేచీ లేదు, కోర్సు పూర్తయ్యాక ఇచ్చే అర్హత కార్డుతోనే పేచీ. బ్రిటన్‌లో 1946లో మొదలైన కేవ్ డైవింగ్ గ్రూపులో కొత్తవాడు స్థానిక శాఖలోని పెద్దల వెంట తిరిగి నేర్చుకుంటాడు. అక్కడ ఫీజు కట్టి కొనుక్కునే కోర్సు లేదు. 1990లలో సాంకేతిక డైవింగ్ (గుహలు, ఎక్కువ లోతుల వంటి కష్టమైన డైవింగ్) నేర్పే సంస్థలు పెరిగాక శిక్షణ రోజుల లెక్కన అమ్ముడయ్యే సరుకైంది. సాధన మానేసిన గురువు దగ్గర శిష్యుడి చేయి తిరగదని వయొలిన్‌కు పేరొందిన మా విజయనగరం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాగావళి ఒడ్డు:
రోజులు తక్కువన్నది కొంత నిజమే గానీ, శిక్షణలో మెట్లు ఎందుకు పెట్టారో చూడండి. మొదటి మెట్టులో పగటి వెలుగు కనిపించే మేర దాటకూడదు. తర్వాతి మెట్టులో, జంట సిలిండర్లు కట్టుకున్నవాడు గాలిలో ఆరో వంతు వాడగానే వెనక్కి తిరగాలి. సిలిండరులో 200 బార్ (గాలి పీడనం కొలత) ఉండగా దిగితే 170 దగ్గరకు రాగానే తిరుగు ప్రయాణమన్నమాట. పూర్తి గుహ శిక్షణలోనే మూడో వంతు దాకా వాడవచ్చు. ఇక ఇన్‌స్ట్రక్టరు కావాలంటే ముందు మరొకరి కోర్సుల్లో సహాయకుడిగా పనిచేసి, ఇన్‌స్ట్రక్టర్లను తయారుచేసేవారి పరీక్షకు నిలవాలి. తాడు తప్పిపోయిన అభ్యాసాన్నే తీసుకోండి: శిష్యుడి మాస్కు కప్పేసి, తాడుకు దూరంగా వదిలేస్తారు, అతడు తన చిన్న రీలు తాడును ఏ రాయికో కట్టి, గోడలు తడుముతూ అసలు తాడును వెతకాలి. ఒండ్రు లేచి ఏమీ కనపడని వేళ అతడి చేతి కదలికను బట్టే కంగారును పసిగట్టగలవాడే నేర్పాలి. అది పెద్దల వెంట ఊరికే తిరిగితే వచ్చేదా?

జీడితోట (పలాస):
మధ్యలో ఒక మాట. 2018లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో 12 మంది పిల్లలను, వారి కోచ్‌ను బయటికి తెచ్చిన పనిలో బ్రిటన్ గుహ డైవర్లది ప్రధాన పాత్ర. సిలిండర్లు చేర్చి తిరిగి వస్తూ చనిపోయిన సమన్ గునన్ థాయ్ నౌకాదళ ప్రత్యేక దళమైన సీల్స్‌లో మాజీ సభ్యుడు. సముద్రంలో ఎంత ఆరితేరినా గుహ వేరని దానివల్ల తేలుతుంది. కోర్సు గొప్పదా, పెద్దల వెంట నేర్చిన చదువు గొప్పదా అన్నది తేలదు.

గంటస్తంభం:
జీడితోట గారి మాటకు ఒప్పుకుంటాను, మెట్ల విషయంలో నాగావళి గారికీ ఒప్పుకుంటాను. అయితే ఆ పరీక్ష ఒక్కసారితో ముగియకూడదు. నేర్పేటప్పుడు ఇన్‌స్ట్రక్టరు శిష్యుల వేగంతో, తెలిసిన దారుల్లోనే తిరుగుతాడు కాబట్టి సొంత నేర్పు మొద్దుబారుతుంది. కొన్నేళ్లకొకసారి మళ్లీ పరీక్ష పెట్టే సంస్థలే నా దృష్టిలో ప్రమాణం పెంచినవి. కనుక బారువ కుర్రాళ్లు ఓడ లోపలికి తీసుకెళ్తానన్న మనిషిని కార్డు చూపమని అడగడంతో ఆగకుండా, శిష్యులెవరూ వెంట లేకుండా ఈ ఏడాది కప్పు కింద ఎన్నిసార్లు దిగారో లాగ్‌బుక్ (డైవింగ్ నమోదు పుస్తకం) చూపమని కూడా అడగాలి.