కెమెరాకు చిక్కని పులిని లెక్కలో చేర్చవచ్చా?

కృష్ణాతీరం:
2018 జాతీయ పులుల గణనలో, అడవిలో కట్టిన కెమెరాల ఫొటోల్లో చారలను బట్టి విడివిడిగా గుర్తించిన పులులు 2,461 కాగా, ప్రకటించిన సంఖ్య 2,967. అంటే ఐదువందలకు పైగా పులులు ఏ ఫొటోలోనూ లేవు. కనబడని జంతువులను సూత్రంతో పుట్టించడం కన్నా, కనబడినవాటినే ప్రకటించడం సబబని నా వాదన.

లెక్కలమాస్టారు:
పుట్టించడం అనడం న్యాయం కాదండీ. ఒక అడవిలో మొదటి విడత 20 పులులను గుర్తించారనీ, రెండో విడత 25 కనిపిస్తే వాటిలో 10 మాత్రమే పాతవనీ అనుకుందాం. రెండో విడతలో పాతవి నూటికి నలభై ఉన్నాయి కనుక, మొదటి 20 కూడా మొత్తంలో నూటికి నలభై అయి ఉండాలి. అంటే అడవిలో సుమారు 50 ఉన్నట్టు. మీ పద్ధతిలో 35 అని రాసి ఊరుకోవాలి. పైగా వచ్చే గణనలో కెమెరాలు పెంచితే, ఒక్క కూన పుట్టకపోయినా పులులు పెరిగినట్టు కనిపిస్తుంది!

కృష్ణాతీరం:
ఒకసారి ఫ్లాష్‌కు బెదిరిన పులి మళ్ళీ ఆ బాట తొక్కకపోతే? పాతవి తక్కువగా కనిపించి, మీ 50 కాస్తా 70 అవుతుంది కదా.

లెక్కలమాస్టారు:
అవుతుంది, అందుకే ఆ సాదా సూత్రంతో ఎవరూ ఆగిపోరు. ఒక్కో పులి చిక్కే అవకాశం ఒక్కో రకంగా ఉండవచ్చని, కెమెరాకు అది తిరిగే చోటు దూరమయ్యేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుందని ఇప్పటి గణిత నమూనాలు లెక్కలోకి తీసుకుంటాయి. కుడి పక్క చారలు ఎడమ పక్క చారలతో కలవవు కనుక బాటకు రెండు వైపులా ఎదురెదురుగా కెమెరాలు కడతారు. లేకపోతే ఒకే పులి రెండుగా లెక్కకెక్కే ప్రమాదం ఉంది.

నల్లమలవాసి:
మీ ఇద్దరి తగాదా కెమెరాలున్న అడవి గురించే. అసలు చిక్కు కెమెరాలు పెట్టని అడవిలో ఉంది. అక్కడ పాదముద్రలు, మలం, వేట జంతువుల జాడలను బట్టి పులుల సాంద్రతను ఊహిస్తారు. ఇలా జాడలను సంఖ్యలుగా మార్చే పద్ధతిని 2015లో కొందరు శాస్త్రవేత్తలు గట్టిగానే ప్రశ్నించారు. నా అభ్యంతరం కూడా అక్కడే, మాస్టారు గారి గణితం మీద కాదు. 2018 అంచనాకు 2,603 నుంచి 3,346 వరకు అవధి ఉండగా, పత్రికల్లో మాత్రం 2,967 ఒక్కటే మారుమోగింది.

రాష్ట్రాల అంకెలు ఇంకా సున్నితమైనవి. 2018 నుంచి 2022కు తెలంగాణ సంఖ్య 26 నుంచి 21కి తగ్గిందని, ఆంధ్రప్రదేశ్‌ది 48 నుంచి 63కి పెరిగిందని పోల్చుకుంటూ కూర్చున్నాం. తెలంగాణ వైపున్న అమ్రాబాద్ అభయారణ్యానికీ ఆంధ్ర వైపున్న నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యానికీ నడుమ ఉన్నది కృష్ణానది. పులికి ఈత వచ్చు. మాస్టారు గారి సూత్రం నిలవాలంటే గణన సాగే రోజుల్లో పులుల రాకపోకలు ఉండకూడదు; ఆ షరతు మొత్తం నల్లమలకు పెట్టుకోవచ్చునేమో గానీ, నది మధ్యగీతకు పెట్టడం కుదరదు. కాబట్టి రెండు గట్లనూ కలిపి ఒకే అంచనాగా, అవధితో సహా ప్రకటించాలని నేనంటాను.

కృష్ణాతీరం:
అవధిని పెద్ద అక్షరాల్లో వేస్తే నా అభ్యంతరం సగం తీరినట్టే. ఫొటో సంఖ్యను మాత్రం దాని పక్కనే అచ్చువేయాలి.