చెయ్యి కనబడగానే దాక్కునే తెల్ల ఎలుకను మచ్చిక చేసుకోవడం ఎలా?

కొర్లగుంట వాసి, తిరుపతి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పోరు పడలేక నెల రోజుల కిందట చెన్నైలోని ఒక దుకాణం నుంచి రెండు ఆడ ఎలుకలను తెచ్చాము. నల్ల తలది రెండో వారానికే భుజమెక్కి కూర్చున్నది. ఎర్ర కళ్ళ తెల్లది మాత్రం చెయ్యి పంజరంలోకి రాగానే మట్టి ముంతలో దూరి, ముక్కు కూడా బయట పెట్టదు. దుకాణంలో దానిని తోక పట్టి తలకిందులుగా ఎత్తి డబ్బాలో వేయడం మేము కళ్ళారా చూశాము; అప్పుడే వద్దని చెప్పవలసింది. మొన్న కమ్మీల సందులోంచి బొరుగులు పెడుతున్న అమ్మాయి వేలిని కొరికింది. కంటి చుట్టూ నెత్తురు మరకలాంటిది కూడా కనబడుతున్నది. వినాయకుడి వాహనాన్ని తెచ్చి భయపెడుతున్నారేమని మా అత్తగారు రోజూ అంటున్నారు. దీనిని బలవంతంగానైనా పట్టుకుని అలవాటు చేయాలా, అదే వచ్చేదాకా వదిలేయాలా?

ఎలుకల ఇల్లు, చిత్తూరు

అమ్మా, ముందు ఆ తోక సంగతి. తోక పట్టి ఎత్తితే దాని చర్మం ఒలుచుకుని వచ్చే ప్రమాదం ఉన్నది. అంతకన్నా, పైనుంచి దిగే చెయ్యి ఏదైనా ఎలుకకు గద్ద కాలితో సమానం. 2010లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వారు చుంచెలుకలపై చేసిన పరిశోధనలో, తోక పట్టి ఎత్తినవాటికన్నా గొట్టంలోకి రానిచ్చి ఎత్తినవి, దోసిట్లోకి తీసుకున్నవి చాలా తక్కువగా బెదిరాయని తేలింది. పంజరంలో ఒక అట్ట గొట్టం వేసి ఉంచండి; అది అందులో దూరినప్పుడు రెండు చివరలకూ అరచేతులు అడ్డుపెట్టి, గొట్టంతో సహా బయటికి తీయండి.

ఎర్ర కళ్ళ ఎలుకలకు చూపు బాగా తక్కువ. తల అటూ ఇటూ ఊపుతున్నదంటే జబ్బు కాదు, దూరం అంచనా వేస్తున్నది. కనుక చెయ్యి పెట్టేముందు పేరు పెట్టి పిలవండి, అమ్మాయి రోజంతా కట్టుకున్న చున్నీ ముక్కను ముంతలో వేయండి. కమ్మీల సందులోంచి తిండి పెట్టడం మాత్రం ఈ రోజుతోనే ఆపాలి, ఎందుకంటే అటునుంచి వచ్చేదంతా తిండేననుకుని అది వేలిని పట్టుకున్నది. చెంచాతో కాస్త పెరుగు పెట్టండి. బొరుగునైతే నోట కరచుకుని పారిపోతుంది. పెరుగును మోసుకుపోలేదు, అక్కడే నిలబడి నాకవలసిందే. మొదట్లో వెనక కాళ్ళు ముంతలోనే ఉంచి, ఒళ్ళంతా రబ్బరులా సాగదీసి నాకుతుంది. ఆ చెంచాను రోజుకు ఒక అంగుళం చొప్పున మీ అరచేతి వైపు జరుపుకుంటూ రండి.

పాత కాపరి, మదనపల్లె

పై సలహాలో తప్పు లేదు గానీ, కొన్ని ఎలుకలు ఎన్నాళ్ళు కాచుకున్నా తమంతట తాము రావు. వాటి ఆయుష్షే రెండు మూడేళ్ళు. అందులో ఆరు నెలలు ముంతలోనే గడిపితే ఎవరికి లాభం? నేనైతే కమోడు మూత వేసి, స్నానాలగదిలో పాత నూలుచీర పరచుకుని కూర్చుని, రెండు ఎలుకలనూ ఒడిలో వదులుతాను. ధైర్యం గలదానిని చూసి పిరికిది నేర్చుకుంటుంది. ఇరవై నిమిషాలు చాలు. అది గింజుకుంటున్నప్పుడు పంజరంలో పెట్టేస్తే, గింజుకుంటే వదులుతారని నేర్చుకుంటుంది. కాస్త కుదురుకున్నాక పెట్టండి.

పశువైద్య విద్యార్థి, తిరుపతి

కుదురుకోవడానికీ, బిగుసుకుపోవడానికీ తేడా చూడాలని మాత్రం మనవి. భయపడిన ఎలుక 22 కిలోహెర్ట్జ్ దగ్గర అరుస్తుంది, మనిషి చెవికి 20 దాటితే వినబడదు; అందువల్ల మనకు నిశ్శబ్దంగా తోచినది నిజానికి కేకలు పెడుతూ ఉండవచ్చు. మీసాలు కదలక రాయిలా ఉంటే అది భయమే. ముఖం దువ్వుకోవడం, మెల్లగా పళ్ళు నూరడం మొదలుపెడితే కుదురుకున్నదనుకోవచ్చు, అయితే నొప్పి ఉన్నప్పుడు కూడా పళ్ళు నూరుతాయి కనుక ఒళ్ళు వదులుగా ఉన్నదో లేదో చూడండి.

కంటి మరక నెత్తురు కాదు. కంటి వెనక గ్రంథి నుంచి ఊరే పోర్ఫిరిన్ అనే ఎర్రటి పదార్థం అది. బెదురు వల్లా, జబ్బు వల్లా ఎక్కువవుతుంది. దానితోపాటు తుమ్ములు గానీ, ఊపిరిలో గురగుర గానీ ఉంటే మచ్చిక సంగతి పక్కనపెట్టి, ఇక్కడి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకురండి. మన ఎండలు కూడా గుర్తుంచుకోవాలి. ఎలుకలకు మనలా చెమట పట్టదు, ఒంటి వేడిలో కొంత భాగాన్ని తోక ద్వారా వదులుకుంటాయి. 30 డిగ్రీలు దాటితే వాటికి కష్టం. వేసవిలో తెల్లవారుజామునో, రాత్రి భోజనాలయ్యాకనో బయటికి తీయండి. పాప వేలిని సబ్బుతో కడిగి ఒకసారి వైద్యుడికి చూపించండి, జ్వరం వస్తే ఎలుక కరిచిన సంగతి తప్పక చెప్పండి.

కొర్లగుంట వాసి, తిరుపతి

మూడు వారాల తరువాత రాస్తున్నాను. తుమ్ములు లేవు, మరక తగ్గింది, పాప వేలు మానింది. గొట్టం పద్ధతి మొదటి రోజే పనిచేసింది. స్నానాలగదిలో మాత్రం మొదటి రెండు సార్లు బకెట్ వెనకే ఉండిపోయింది. నిన్న రాత్రి ముందు కాళ్ళు రెండూ అమ్మాయి మణికట్టు మీద ఆనించి, అరచేతిలోని పెరుగంతా నాకి, వెళ్ళకుండా అక్కడే కూర్చుని మీసాలు తుడుచుకున్నది. వంటింట్లో కుక్కరు కూత పెట్టగానే మళ్ళీ ముంతలో దూరింది. దీనికేమైనా ఉపాయం ఉంటే చెప్పగలరు.